అస్థికలు నేలలో కలిస్తే: దక్షిణ ఒడిశా తెలుగువారి ముందున్న మరో దారి

1997 జనవరి 30న అలహాబాద్ త్రివేణీ సంగమంలో గాంధీ అస్థికల నిమజ్జనం జరిగింది. 1948 ఫిబ్రవరిలోనే ముగియవలసిన కార్యం అంత ఆలస్యం కావడానికి కారణం కటక్‌లోని ఒక బ్యాంకు ఖజానా. దేశంలోని నదులకు పంచిన అస్థికల్లో ఒక భాగం నీళ్లదాకా చేరకుండా, నాలుగు దశాబ్దాలకు పైగా ఆ ఖజానాలో ఒక పెట్టెలో ఉండిపోయింది. చివరికి కోర్టు మెట్లెక్కి మునిమనవడు తుషార్ గాంధీ వాటిని విడిపించుకోవలసి వచ్చింది. ఆ వార్త మన దేశంలో అపచారంగానే వినిపించింది. అవే అస్థికలు టోక్యోలోనో హాంకాంగ్‌లోనో గోడకున్న గూటిలో, పేరు చెక్కిన పలక వెనక ఉండి ఉంటే ఎవరూ నొచ్చుకునేవారు కారు. అక్కడ గూటిలో పెట్టడంతో అంత్యక్రియ పూర్తవుతుంది. ఇక్కడ గూటిలో ఉన్నంతకాలం అది మిగిలిపోయిన పనిగానే లెక్క.

అస్థికలను నేలలో కలపడం గురించి ఈ మధ్య వినిపిస్తున్న చర్చను అర్థం చేసుకోవాలంటే ముందు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. ఆ చర్చ పుట్టింది గూళ్ల దేశాల్లో. దహనం తర్వాత మిగిలిన అస్థికలను భద్రపరచడానికి వరుస వరుసల గూళ్లతో కట్టే మందిరాన్ని కొలంబేరియం అంటారు. జపాన్‌లో దాదాపు అందరికీ దహనమే. హాంకాంగ్‌లో ఇళ్లకే చోటు లేనప్పుడు గూళ్లకు మాత్రం ఎక్కడ దొరుకుతుంది? అక్కడి ప్రభుత్వం కొత్తగా కేటాయించే గూళ్లకు 20 ఏళ్ల గడువు పెట్టింది. ఆ తర్వాత పదేళ్లకోసారి రుసుము కట్టి పొడిగించుకోవాలి. కట్టేవారు లేకపోతే ఖాళీ చేయాలి. శాశ్వతం అనుకున్నది అద్దె ఇల్లయింది. స్మృతివనాల్లో బూడిద చల్లడాన్ని కూడా అదే ప్రభుత్వం ప్రోత్సహిస్తోంది. సింగపూర్ 2021లో చువా చూ కాంగ్ శ్మశానవాటికలో బూడిదను నేలలో కలిపేందుకు ప్రత్యేకంగా ఒక తోటను తెరిచింది. అక్కడ ఎవరి పేరుతోనూ పలక ఉండదు. దక్షిణ కొరియా 2008లో చెట్ల కింద, పచ్చికలో అస్థికలు పూడ్చడానికి చట్టంలో చోటిచ్చి, చల్లడానికి మాత్రం 2025 జనవరిలో అనుమతి ఇచ్చింది.

ఈ కథనాలు చదివి మనకూ అలాంటి తోటలు కావాలని ఉత్సాహపడేవారున్నారు. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగువారికి సంబంధించినంతవరకు ఆ పోలిక కుదరదు. బరంపురంలోనో పర్లాకిమిడిలోనో గూళ్లు నిండిపోలేదు, ఎందుకంటే గూళ్లే లేవు. నేల ఇక్కడ పోటీపడవలసింది నదితో.

చితి ఆరిన తర్వాత, ఆనవాయితీని బట్టి రెండో రోజో మూడో రోజో, ఎముకలు ఏరి కుండలోకో గుడ్డలోకో ఎత్తుతారు. ఆ మూటను ఇంట్లోకి తేరు. శ్మశానంలోనే చెట్టుకొమ్మకు కడతారు, లేదా పట్టణాల్లోనైతే శ్మశానవాటిక గదిలో దాచమని అడుగుతారు. పదో రోజు లోపు దగ్గరి ఏటిలో కలపడం ఒక పద్ధతి. శక్తి ఉన్నవారు దూరం వెళతారు. పర్లాకిమిడివారికి మహేంద్రతనయ, గుణుపురానికి వంశధార, రాయగడకు నాగావళి ఇంటి ముందరి నదులు. బరంపురం వారికి 16 కిలోమీటర్ల దూరంలో గోపాలపూర్ సముద్రం, ఇంకోవైపు రుషికుల్య ఉన్నాయి. అయినా పెద్దల మాట మీద రాజమండ్రి గోదావరికి బయలుదేరే కుటుంబాలు ఉంటాయి. బరంపురం నుంచి అది రైలులో 470 కిలోమీటర్లకు పైమాటే. పూరీ దగ్గర గనుక కొందరు అటు వెళతారు. కాశీ, గయ మాట సరేసరి. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనుకున్న రోజుల్లో అక్కడికి అస్థికలు పంపడం అరుదైన భాగ్యం. ఇప్పుడు అది రిజర్వేషన్ దొరికితే అయ్యే పని. 2021లో తపాలా శాఖ అస్థికలను స్పీడ్ పోస్టులో కాశీ, ప్రయాగ, హరిద్వార్, గయలకు పంపే సదుపాయం కూడా పెట్టింది. కరోనా కాలంలో ప్రయాణాలు ఆగిపోయి, నగరాల శ్మశానాల్లో అస్థికల లాకర్లు నిండిపోయిన తర్వాత వచ్చిన ఆలోచన అది.

ఖర్చు మాటా చెప్పుకోవాలి. ఒడిశా ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన హరిశ్చంద్ర సహాయత యోజన కింద పేద కుటుంబాలకు అంత్యక్రియల కోసం పల్లెల్లో 2,000 రూపాయలు, పట్టణాల్లో 3,000 రూపాయలు నిర్ణయించారు. ఆ సొమ్ము కట్టెలకే చాలడం కష్టం. ఇద్దరు మనుషులు గోదావరిదాకా వెళ్లి, అక్కడ కర్మ చేయించి తిరిగి రావడానికి అందులో ఏమీ మిగలదు. అప్పు చేసి వెళ్లే కుటుంబానికి సొంత పొలం గట్టు చూపించడం తక్కువ చేయడం కాదు. కానీ దాన్ని పేదల ప్రత్యామ్నాయంగా ప్రచారం చేస్తే అది అక్కడే చచ్చిపోతుంది. ఉన్నవారు గంగకూ, లేనివారు గట్టుకూ అన్న విభజన ఏ కుటుంబానికీ రుచించదు.

నది సంగతి. అస్థికల వల్ల నదులు కలుషితమైపోతున్నాయన్న వాదనను నేల పక్షం వారు తరచుగా ఎత్తుకుంటారు. అది బలహీనమైన వాదన. ఎముక ప్రధానంగా కాల్షియం ఫాస్ఫేటు. మంటలో కాలి మిగిలిన ఖనిజం అడుగున ఇసుకలో చేరి మెల్లగా అరుగుతుంది. పట్టణాల మురుగు ముందు దాని లెక్క ఏపాటిది? అసలు ఇబ్బంది అస్థికలతో పాటు నీళ్లలోకి వెళ్లే ప్లాస్టిక్ సంచులు, బట్టలు, దండలు, కుండలతో. దానికి మందు సంచి విప్పి కలపడమే, నదిని మానుకోవడం కాదు. ఇక రెండో ఇబ్బంది గట్టిది. వంశధార, నాగావళి, బాహుదా వేసవిలో చాలాచోట్ల ఇసుక మేటల మధ్య సన్నని పాయలుగా మిగులుతాయి. చైత్ర వైశాఖాల్లో కలిపిన ఎముక ముక్కలు కొట్టుకుపోవు. మోకాలి లోతు నీళ్లలో కనిపిస్తూనే ఉంటాయి. కింద పిల్లలు ఈదుతుంటారు, పశువులు నీళ్లు తాగుతుంటాయి. పారే నీరు తీసుకుపోవాలన్న ఆచారానికి పారే నీరే లేని నెలలవి. నేల గురించి ఆలోచించడానికి ఇది న్యాయమైన కారణం.

శాస్త్రం ఒప్పుకుంటుందా అన్నది ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న. గృహకర్మల విధులు చెప్పే పాత గ్రంథం ఆశ్వలాయన గృహ్యసూత్రంలో అస్థి సంచయన విధి, అంటే ఎముకలు ఏరే పద్ధతి, ఉంది. బొటనవేలు, ఉంగరపు వేలితో ఒక్కొక్క ఎముకనూ చప్పుడు కాకుండా ఏరి కుండలో పెట్టాలి. వాన నీళ్లు తప్ప చుట్టుపక్కల నీళ్లు వచ్చి చేరని చోట గుంత తీసి ఆ కుండను ఉంచి మట్టి కప్పాలి. అప్పుడు చదివే మంత్రం రుగ్వేదం పదో మండలంలోని 'ఉప సర్ప మాతరం భూమిం', అంటే తల్లి అయిన భూమిని చేరుకో అని. నదీ నిమజ్జనం కన్నా నేలలో ఉంచడం పరాయిది కాదని, పాత గ్రంథాల్లో దానికి విధి కూడా ఉందని చూపడానికి ఇంతకన్నా ఆధారం అక్కరలేదు. తీర్థాల మహిమ పెరిగేకొద్దీ ఆ కుండ నదివైపు నడిచింది. పురోహితులు దీన్ని ఎరగనివారు కారు. అడిగే యజమాని లేడు కనుక చెప్పే సందర్భం రాదు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. పిండప్రదానం, తర్పణం అస్థికలతో ముడిపడినవి కావు. అస్థికలు పొలంలో కలిపినంత మాత్రాన పెద్దకర్మ ఆగదు, గయకు వెళ్లి పిండం పెట్టే దారి మూసుకుపోదు. ఇంట్లో అభ్యంతరం చెప్పే పెద్దలకు ఈ రెండిటినీ విడదీసి చెబితే సగం భయం తీరుతుంది.

ఆధునిక కాలంలో ఈ పని చేసిన ప్రసిద్ధుడు నెహ్రూ. 1954లో రాసిన వీలునామాలో తన చితాభస్మంలో ఒక పిడికెడు అలహాబాద్ దగ్గర గంగలో కలపాలని, పెద్ద భాగాన్ని విమానంలో తీసుకెళ్లి రైతులు శ్రమించే పొలాల మీద చల్లాలని కోరారు. గంగలో కలపమనడంలో మతపరమైన అర్థం లేదని కూడా ఆయనే రాసుకున్నారు. 1964లో ఆయన పోయాక అలాగే చేశారు. ఇందిరా గాంధీ అస్థికలను 1984లో హిమాలయాల మీద చల్లారు. ఇవి విమానాలు ఎక్కగలిగినవారి ముచ్చట్లు. మన ప్రాంతానికి పనికొచ్చే ఉదాహరణ ఆకాశంలో కాదు, పర్లాకిమిడి వెనక కొండల్లో ఉంది.

గిడుగు రామమూర్తి పంతులు ఏళ్ల తరబడి కూర్చుని భాష నేర్చుకున్న సవరల సంప్రదాయంలో శవాన్ని దహనం చేస్తారు. మిగిలిన ఎముకలను, బూడిదను నేలలోనే పూడుస్తారు. అక్కడితో అయిపోదు. కొంతకాలం గడిచాక గువార్ అనే కర్మ చేసి, పోయినవారి కోసం ఒక నిలువురాయి పాతుతారు. ఆ రాళ్లు ఒకచోట గుంపుగా, వంశాల వారీగా నిలబడి ఉంటాయి. ఇప్పుడు సవరల్లో చాలామంది క్రైస్తవులై ఖననానికి మారారు కనుక కొత్త రాళ్లు తగ్గాయి. అయినా ఆ పద్ధతిలోని తెలివిని గమనించాలి. దేహం నేలలోకి, జ్ఞాపకం రాతిలోకి వెళతాయి. రెండింటినీ ఒకే చోట బంధించాలన్న పట్టుదల వాళ్లకు లేదు. గూళ్ల మందిరం చేసే తప్పు సరిగ్గా అదే. పేరును బూడిదకు అతికిస్తుంది గనుక బూడిదకు చోటు అయిపోయినప్పుడు పేరుకూ చోటు అయిపోతుంది.

ఇదే వంశధార ఒడ్డున, శ్రీకాకుళం జిల్లాలో, శాలిహుండం ఉంది. అక్కడి బౌద్ధ స్తూపాల తవ్వకాల్లో ధాతు కరండాలు, అంటే అస్థికలు దాచే భరిణెలు, దొరికాయి. అస్థికలను దాచి, పైన కట్టడం కట్టి, తరతరాలుగా దర్శించుకున్న సంప్రదాయమది. అంటే దాచడమూ ఈ నేలకు కొత్త కాదు. దాచినవాళ్లు మరుగునపడ్డాక ఆ కరండాలు పురావస్తు శాఖ చేతికి వచ్చాయి. గూటికి ఇరవయ్యేళ్లు గడువు పెట్టినా, స్తూపానికి రెండువేల ఏళ్లు పట్టినా, చూసుకునే మనుషులున్నంతవరకే భద్రత.

ఇక మట్టి మాట. బూడిద చల్లితే చెట్టు ఏపుగా పెరుగుతుందన్న నమ్మకం ఉంది. అమ్మ బూడిదతో మామిడి మొక్క, నాన్న బూడిదతో వేప మొక్క అని ముచ్చటపడతారు. మొక్క కోసం తీసిన గుంతలో ఒక్క మనిషి బూడిదంతా గుమ్మరించడం నిజానికి ఆ మొక్కను చంపడానికి మంచి ఉపాయం. విద్యుత్ కొలిమిలోనో గ్యాస్ కొలిమిలోనో దహనం 800 నుంచి 1,000 డిగ్రీల సెల్సియస్ దాకా వెళుతుంది. కర్బనం, నత్రజని గాలిలో కలిసిపోతాయి. మిగిలేది సగటున రెండు మూడు కిలోల ఖనిజం. అందులో ఎక్కువ కాల్షియం ఫాస్ఫేటు, తర్వాత సోడియం, పొటాషియం లవణాలు. దాని క్షారగుణం సబ్బునీటిని మించుతుంది, ఉప్పు కూడా ఎక్కువ. ఒకేచోట కుప్పగా పడితే వేర్లు మాడతాయి. ఎరువు అనుకోవడానికి అందులో నత్రజని లేదు. ఉన్న ఫాస్ఫరస్ వెంటనే కరగదు.

అయితే అదే పదార్థాన్ని పలుచగా పరిస్తే కథ మారుతుంది. కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల ఎర్రనేలలు, లేటరైట్ నేలలు చాలావరకు ఆమ్లగుణం ఉన్నవి. అలాంటి నేలకు హెక్టారుకు టన్ను, రెండు టన్నుల సున్నం వేయమని వ్యవసాయ శాఖవారు చెప్పడం మామూలే. ఒడిశాలో కాగితపు మిల్లుల సున్నపు మడ్డిని కూడా అందుకు వాడతారు. హెక్టారుకు టన్ను అంటే చదరపు మీటరుకు 100 గ్రాములు. రెండున్నర కిలోల అస్థికల పొడిని 25 చదరపు మీటర్లలో, అంటే అర సెంటు కన్నా కాస్త ఎక్కువ జాగాలో, సమంగా చల్లితే నేలకు అందేది ఒక మోస్తరు సున్నం మోతాదే. దానికి హాని లేదు, కొంత మేలు కూడా. ఆమ్ల నేలలో ఆ ఫాస్ఫేటు మెల్లమెల్లగా కరిగి మొక్కకు అందుతుంది, రాక్ ఫాస్ఫేటు ఎరువు పనిచేసేదీ ఇలాంటి నేలల్లోనే. గంజాం తీరంలో, ఉప్పు తగిలిన నేలల్లో ఇదే చేస్తే ఆ మేలు ఉండదు. అక్కడ ఉప్పుకు ఉప్పు తోడవుతుంది. బరంపురం చుట్టుపక్కల వారు మొగలి పొదలు పెరిగే ఇసుక గట్టుల కన్నా లోపలి మెట్ట నేలలు చూసుకోవడం మంచిది.

సన్నని నేలల సంగతి వేరు. స్కాట్లండ్‌లో పేరున్న పర్వత శిఖరాల మీద జనం బూడిద చల్లడం ఎక్కువై, అక్కడి పర్వతారోహకుల సంఘం 2006లో శిఖరాలను వదిలేయమని కోరింది. పేద నేలలో బతికే అరుదైన మొక్కలకు ఆ ఫాస్ఫేటే శత్రువు. అది పెరిగితే వేరే మొక్కలు వచ్చి వాటిని తరిమేస్తాయి. మహేంద్రగిరి మీద ఎప్పుడైనా ఎవరికైనా ఇలాంటి ఆలోచన వస్తే అది గుర్తుంచుకోవాలి. కొండ శిఖరం అందరి కన్నూ పడే చోటు గనుకనే దాన్ని వదిలేయాలి.

ఇంతవరకు చెప్పిన లెక్కంతా కొలిమి బూడిదకు. మన పల్లెల్లో జరిగేది కట్టెల చితి. తేడా చిన్నది కాదు. విదేశీ శ్మశానాల్లో కొలిమి నుంచి తీసిన ఎముకలను మరలో వేసి పొడి చేస్తారు. చల్లేది ఆ పొడినే. జపాన్‌లో బంధువులే పుల్లలతో ఎముకలు ఏరి పాత్రలో పెడతారు, మన సంచయనానికి అది చాలా దగ్గర. కానీ నేలలో చల్లదలిస్తే ముందు వాటిని రెండు మిల్లీమీటర్ల లోపు నలగగొట్టడం అక్కడ పాటించే పద్ధతి, కంటబడితే ఎముక అని గుర్తుపట్టకూడదని. కట్టెల చితిలో వేడి ఒకేలా ఉండదు. వేలెడు ముక్కలు మిగులుతాయి. వాటిని పొలంలో చల్లితే కుక్కలు లాగుతాయి, నాగలికి తగులుతాయి, పక్క రైతు పోలీసులను పిలిచినా తప్పు పట్టలేం. తండ్రి ఎముకలను రోట్లో దంచమని కొడుక్కి చెప్పడం ఏ పురోహితుడికీ, ఏ పర్యావరణవాదికీ సాధ్యం కాదు. కనుక మన దగ్గర చల్లడం అన్న మాటను కొంచెం సవరించుకోవాలి. మెత్తని బూడిద చల్లవచ్చు. ఏరిన ఎముకలను మాత్రం మోచేతి లోతు గుంతలో, మట్టితో కలిపి పూడ్చాలి. గృహ్యసూత్రం చెప్పినదీ, సవరలు చేసినదీ ఇదే. కట్టెల బూడిద కూడా కలుస్తుంది గనుక మొత్తం ఆరేడు కిలోలు దాటవచ్చు. అందుకు రెండు సెంట్ల జాగా ఉంటే నిశ్చింత. గాలి లేని పొద్దున, తొలకరికి ముందు చేసి పైన నీళ్లు చిలకరిస్తే మట్టి పట్టేస్తుంది. రోగభయం లేదు. అంత మంటలో క్రిమి ఏదీ మిగలదు. తాగునీటి బావికి దూరంగా ఉండటం రసాయనం కోసం కాదు, తాగేవారి మనసు కోసం.

తాగేవారి మనసు, కొనేవారి మనసు కూడా లెక్కలోవే. జపాన్ ఉత్తరాన నగానుమా అనే వ్యవసాయ పట్టణంలో ఒక సంస్థ బూడిద చల్లే వనం పెట్టినప్పుడు రైతులు అడ్డం తిరిగారు. తమ పంటలకు చెడ్డపేరు వస్తుందని వారి భయం. 2005లో ఆ పట్టణం ఏకంగా ఆ పనిని నిషేధిస్తూ నిబంధన చేసింది. శాస్త్రం ప్రకారం ఆ భయంలో పస లేదు, సంతలో మాత్రం ఉంది. వంకాయ మడిలో కన్నా జీడిమామిడి తోట అంచున, గట్టు మీద, ఇంటి వెనక పూలచెట్ల మధ్య కలపడం అందుకే తెలివైన పని.

అసలు చిక్కు జాగాది. సొంత పొలంలో అస్థికలు కలపడాన్ని నిషేధించే కేంద్ర చట్టం మనకు లేదు. అయితే ఎవరి పొలం? రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి, నవరంగపూర్ జిల్లాలు, గజపతిలో కొంత భాగం రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద గిరిజనులకు ప్రత్యేక రక్షణ ఉన్న ప్రాంతాలు. 1956 నాటి నిబంధన ప్రకారం అక్కడ గిరిజనుల భూమి ఇతరులకు బదిలీ కాదు, కాకూడదు కూడా. తరాలుగా ఆ పట్టణాల్లో వ్యాపారమో ఉద్యోగమో చేసుకుంటున్న తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఉన్నది ఇల్లూ కొట్టూ మాత్రమే. సొంత ఊరు శ్రీకాకుళం వైపు ఉన్నా అక్కడి పొలం ఎప్పుడో అన్నదమ్ములు పంచుకుని ఉంటారు. ఉన్న పొలంలో కలిపినవారికి వేరే బాధ. పదేళ్లకు ఆ పొలం అమ్మాల్సి వస్తే? కొన్నవాడు ఇటుక బట్టీ పెడితే? ఏటిలో కలిపినవారికి ఈ బాధ లేదు. ఏరును ఎవరూ అమ్మలేరు. నేల కన్నా నదికున్న పైచేయి అదొక్కటే, కానీ అది చిన్నది కాదు.

గజపతి జిల్లా జనాభాలో మూడోవంతుకు పైగా క్రైస్తవులు. వారిలో ఎక్కువమందికి ఖననమే పద్ధతి గనుక ఈ చర్చ వారిని అంతగా తాకదు. దహనాన్ని ఎంచుకున్న కేథలిక్కులకు మాత్రం దారి ఇరుకే. వారి చర్చి 1963లో దహనాన్ని అనుమతించినా, చల్లడం కూడదని 2016లో స్పష్టం చేసింది. అస్థికలు పవిత్ర స్థలంలో ఉండాలంది. వారికి సమాధి తోటలో చిన్న గుంతో, గూడో తప్పదు.

మిగిలినవారికి జాగా చూపించగలిగేది మునిసిపాలిటీలే. శ్మశానవాటిక పక్కనే అర ఎకరం మెట్ట, చుట్టూ కంచె, లోపల బిల్వం, పొగడ, గన్నేరు ఉంటే చాలు. ఏ భాగంలో ఏ ఏడాది కలిపారో గుర్తుండేలా మడులుగా విడదీసి, ఒక మడిని కొన్నేళ్లు వాడి వదిలేస్తే ఉప్పు వానలకు దిగిపోతుంది. పేర్లకు మట్టి మీద పలకలు వద్దు. పలక పెడితే చుట్టూ గట్టు కడతారు, గట్టు కడితే సమాధి అవుతుంది, పదేళ్లలో మళ్లీ చోటు లేదంటారు. గేటు దగ్గర ఒక్క రాయి మీద ఏడాదివారీగా పేర్లు చెక్కించి, ఆఫీసులో రిజిస్టరు ఉంచితే సరిపోతుంది. హాంకాంగ్ 2010లో ఇంటర్నెట్‌లో స్మారక పుటలు మొదలుపెట్టింది కూడా పేరును నేల నుంచి విడదీయడానికే. రిజిస్టరులో పేరు తెలుగులోనూ ఒడియాలోనూ రాస్తే, మనవడు ఏ లిపి చదివినా తాతను వెతుక్కోగలుగుతాడు. ఒంటరిగా పోయినవారి మూటలు, ఎవరూ తీసుకెళ్లక శ్మశానం గదుల్లో ఏళ్ల తరబడి వేలాడేవి, మొదట ఈ నేలకే రావాలి. వాటికోసం గోదావరికి బయలుదేరే కొడుకు లేడు, అభ్యంతరం చెప్పే కోడలూ లేదు. పథకం ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి మునిసిపాలిటీకి అంతకన్నా నిక్కమైన ఆరంభం దొరకదు.